ఖాళీ అయిన మందిరాన్ని కాచిన దాతలు

(అమెరికాలోని తొలి యూదు ప్రార్థనామందిరాల చరిత్రపై ట్రస్టు ఉపన్యాస పరంపరలో చేసిన ప్రసంగ పాఠం)



దేవాలయాన్ని నిర్మించడం మహత్కార్యం. నిర్మించిన దానిని తరతరాల పాటు నిలబెట్టడం అంతకంటె మహత్తరమైన కార్యం. శంకుస్థాపన నాడు జనం కొల్లలుగా వస్తారు. నూరేండ్ల తరువాత పైకప్పు కారుతున్ననాడు వచ్చేవారు ఎందరు? అంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి ఉంది. మందిరం చెక్కుచెదరక నిలిచి ఉండగా, అందులో ప్రార్థించేవారే ఊరిలో లేకుండా పోతే, దాని బాధ్యత ఎవరిది?

అమెరికాకు తొలినాళ్లలో వలస వెళ్లిన యూదులకు ఈ ప్రశ్న నిజంగానే ఎదురయింది. వారూ, వారి ఇరుగుపొరుగువారూ దానికి చెప్పిన సమాధానమే నేటి ప్రసంగ విషయం.

ముందుగా యూదుల ఆరాధనా విధానాన్ని గురించి రెండు మాటలు మనవి చేస్తాను. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేములోని వారి మహాదేవాలయాన్ని ధ్వంసం చేశారు. నాటినుండి బలులు, ఆలయ పూజలు ఆగిపోయి, సామూహిక ప్రార్థన, ధర్మగ్రంథ పఠనం వాటి స్థానాన్ని పొందాయి. ఆ ప్రార్థనామందిరమే సినగాగ్. అందులో విగ్రహం ఉండదు. చర్మపత్రం మీద చేతితో వ్రాసిన ‘తోరా’ అనే ధర్మగ్రంథపు చుట్ట ఉంటుంది. జెరూసలేము దిక్కుగా ఉన్న గోడలో ఒక పవిత్రమైన బీరువాను అమర్చి, అందులో ఆ చుట్టలను భద్రపరుస్తారు. సంప్రదాయం ప్రకారం సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది వయోజన పురుషులు ఉండాలి. ఆ పదిమందిని ‘మిన్యాన్’ అంటారు. పదిమంది ఉంటే అద్దె గది కూడా ప్రార్థనామందిరమే అవుతుంది. తొమ్మిదిమందే మిగిలితే ఎంత గొప్ప భవనమైనా మూగబోతుంది. ఈ నియమాన్ని గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయే కథలోని బాధ మనకు బోధపడుతుంది.

ఇక చరిత్రలోకి వెళదాము. పోర్చుగల్లు దేశంలో 1497లో యూదులను బలవంతంగా మతం మార్చారు. రహస్యంగా తమ ధర్మాన్ని పాటించినవారిని మతవిచారణ న్యాయస్థానాలు వేటాడాయి. వారిలో అనేకులు స్వేచ్ఛకోసం హాలండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరుకున్నారు. బ్రెజిలులోని రెసీఫె నగరం డచ్చివారి వశమైనప్పుడు అక్కడికి వెళ్లి, ప్రార్థనామందిరాన్ని నెలకొల్పుకున్నారు. కాని 1654 జనవరిలో పోర్చుగీసువారు రెసీఫెను తిరిగి ఆక్రమించారు. యూదులు మళ్లీ ఓడలెక్కవలసి వచ్చింది.

ఆ కాందిశీకులలో 23 మంది, స్త్రీలతో పిల్లలతో సహా, 1654 సెప్టెంబరులో న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అనే డచ్చి రేవుపట్టణంలో దిగారు. అదే నేటి న్యూయార్క్. ఓడ కిరాయి చెల్లించలేక పోయినందున వారి సామానును వేలం వేశారు. వారిని వెళ్లగొట్టడానికి అనుమతి కోరుతూ గవర్నరు పీటర్ స్టూవసంట్ హాలండులోని డచ్ వెస్టిండియా కంపెనీకి లేఖ వ్రాశాడు. ఆ కంపెనీలో వాటాలున్న యూదులు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నారు. వారు తమవారి పక్షాన విన్నపం చేశారు. 1655లో కంపెనీ తన నిర్ణయాన్ని తెలియజేసింది. యూదులు అక్కడ ఉండవచ్చు, వర్తకం చేసుకోవచ్చు. అయితే వారిలోని పేదల భారం కంపెనీపై గాని ఊరిపై గాని పడరాదు, వారి పేదలను వారే పోషించుకోవాలి.

ఆ షరతు విధించినవారి ఉద్దేశం ఉదారమైనదేమీ కాదు. కాని యూదులకు దానధర్మం ఐచ్ఛికమైన దయ కాదు, విధిగా నెరవేర్చవలసిన న్యాయం. దానికి వారి భాషలో ‘త్సెదాకా’ అని పేరు. ఆ మాటకు మూలార్థం న్యాయమే. అందుచేత అవమానంగా వచ్చిన షరతు వారికి అప్పటికే అలవాటైన ధర్మంగా మారింది. తరువాతి కాలంలో వారి సమాజాలు పేదలకు ఆహారం, వంటచెరకు, రోగులకు వైద్యం, దిక్కులేనివారికి అంత్యక్రియలు సమకూర్చే బాధ్యతను స్వీకరించాయి.

భూమి దొరికినా బహిరంగ ప్రార్థనకు అనుమతి దొరకలేదు. 1655లో ఆమ్‌స్టర్‌డామ్‌నుండి ఒక తోరా చుట్టను అరువు తెచ్చుకున్నారు. 1663 నాటికి దానిని తిరిగి పంపివేశారు. దాన్ని చదవడానికి చాలినంతమంది అక్కడ మిగలలేదని చరిత్రకారులు భావిస్తారు. ఆ కొద్దిమందిలో నిలిచిన ఆసర్ లెవీ పేరు ప్రసిద్ధం. పట్టణపు కావలి విధులనుండి యూదులను మినహాయించి, అందుకు బదులుగా పన్ను విధించినప్పుడు, పదిమందితో పాటు కావలి కాసే హక్కు ఇవ్వాలి, లేదా ఆ పన్నునుండి మినహాయించాలి అని ఆయన పోరాడాడు. చివరికి సాధించాడు.

మరొక విశేషాన్ని గమనించాలి. అనేక చోట్ల యూదులు మొదట సంపాదించినది మందిరానికి స్థలం కాదు, శ్మశానానికి స్థలం. న్యూపోర్టులో 1677లో శ్మశానభూమిని కొన్నారు. మందిరం తయారైనది 1763లో. ప్రార్థన ఇంటిలోనైనా జరుపుకోవచ్చు, చనిపోయినవారికి మాత్రం నేల కావాలి. పెద్దల సమాధులు ఉన్నచోటే తరువాతి తరం వేళ్లూనుకుంటుంది.

1664లో ఇంగ్లీషువారు పట్టణాన్ని స్వాధీనం చేసుకొని న్యూయార్క్ అని పేరు పెట్టారు. 1695 నాటి ఒక పటంలో యూదుల ప్రార్థనాస్థలం కనిపిస్తుంది. అది సొంత మందిరం కాదు, ఒక సాధారణ గృహమే. సొంత మందిరం మిల్ స్ట్రీట్ అనే వీధిలో 1730లో, వారి పాస్కా పండుగ ఏడవనాడు ప్రారంభమయింది. ఉత్తర అమెరికా వలస రాజ్యాలలో మందిరంగానే కట్టిన తొలి సినగాగ్ అదే. ఆ సమాజం పేరు ‘షియరిత్ ఇజ్రాయెల్’, అనగా ఇజ్రాయేలీయులలో మిగిలిన శేషం.

రెసీఫెనుండి వచ్చినవారు కాలుపెట్టిన 76 ఏండ్లకు ఆ మందిరం లేచింది. దాని ఖర్చును న్యూయార్కులోని కొద్ది కుటుంబాలు ఒంటరిగా భరించలేదు. కరీబియన్ సముద్రంలోని కురసావ్, జమైకా ద్వీపాలనుండి, లండన్ నగరంనుండి విరాళాలు వచ్చాయి. ఇచ్చినవారిలో అధికసంఖ్యాకులు ఆ మందిరాన్ని ఎన్నడూ చూడలేదు, అందులో ఒక్క పూటైనా ప్రార్థించలేదు. తమవారు ఎక్కడో ఒకచోట తలయెత్తి ప్రార్థించగలగాలన్నదే వారి కోరిక.

ఆ సమాజాలకు చాలకాలం మతపండితులు కూడా లేరు. విధివత్తుగా పట్టం పొందిన తొలి రబ్బీ ఆబ్రహాం రైస్ అమెరికాకు వచ్చినది 1840లో. అంతవరకు ప్రార్థనలను నడిపించిన గాయక పురోహితుడు ‘హజ్జాన్’. పాలనా భారం వహించిన పెద్ద ‘పర్నాస్’. అతడు మన ధర్మకర్త వంటివాడు. వర్తకులు, వెండిపనివారు, కొవ్వొత్తుల తయారీదారులు రాత్రివేళ కూర్చుని పద్దులు వ్రాసి, నియమావళి రచించి, తగవులు తీర్చి, మందిరాలను నడిపారు. తమ పవిత్రస్థలాన్ని కాపాడుకొనే భారాన్ని సామాన్య గృహస్థులే వహించారు.

దానం ఒక దిక్కుకే ప్రవహించలేదు. 1711లో న్యూయార్కులోని ట్రినిటీ చర్చి గోపురానికి చందా వసూలు చేసినప్పుడు, అప్పటికి సొంత మందిరమైనా లేని యూదులలో ఏడుగురు అందులో పాలుపంచుకున్నారు. ఫిలడెల్ఫియా నగరంలో దీనికి ప్రతిరూపం కనిపిస్తుంది. స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటిషువారు న్యూయార్కును ఆక్రమించగా, అక్కడి హజ్జాన్ గెర్షోమ్ మెండెస్ సైషస్ తోరా చుట్టలను వెంటబెట్టుకొని పట్టణాన్ని విడిచి, కొంతకాలానికి ఫిలడెల్ఫియా చేరాడు. ఆయనవంటి కాందిశీకులతో అక్కడి మిక్వే ఇజ్రాయెల్ సమాజం పెరిగి, 1782లో కొత్త మందిరం కట్టుకుంది. యుద్ధం ముగిసి, వచ్చినవారు తమ ఊళ్లకు మరలిపోయారు. మందిరమూ దాని అప్పూ మిగిలాయి. 1788లో ఆ సమాజం అన్ని మతశాఖల పౌరులనూ సహాయం అర్థించింది. చందా ఇచ్చిన క్రైస్తవ ప్రముఖులలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకరు. 82 ఏండ్ల వయసులో ఆయన 5 పౌండ్లు సమర్పించారు.

దక్షిణాన సవానా నగరానిది కూడా ఒడుదొడుకుల కథే. జార్జియా వలస నెలకొన్న అయిదు నెలలకు, 1733 జూలైలో, లండన్‌నుండి 42 మంది యూదులు ఓడలో వచ్చారు. తమతో ఒక తోరాను తెచ్చుకున్నారు. వారిలోని వైద్యుడు సామ్యూల్ నూనెజ్ అప్పుడు ప్రబలిన అంటువ్యాధిలో కొత్త వలసవారికి చికిత్స చేశాడు. కొన్నేండ్లకే స్పెయిను సేనల దాడి భయంతో అక్కడి యూదులలో ఎక్కువమంది తరలిపోయారు. ఒకటి రెండు కుటుంబాలే మిగిలాయి. అయినా ఆ కుటుంబాలు తమ ఆచారాన్ని విడువలేదు. ఆ సమాజం మళ్లీ పుంజుకొని 1790లో అధికారపత్రం పొందింది. ఆనాడు తెచ్చిన తోరా నేటికీ అక్కడ భద్రంగా ఉన్నది.

ఇక మన ప్రశ్నకు పూర్తి సమాధానం చెప్పే ఊరు రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్. మతస్వేచ్ఛకు ఆశ్రయమైన ఆ తీరపట్టణంలో యూదు వర్తకులు స్థిరపడి, 1759లో మందిర నిర్మాణం ఆరంభించారు. న్యూయార్క్, జమైకా, కురసావ్, లండన్ సమాజాలు ధనసహాయం చేశాయి. ప్రసిద్ధ వాస్తుశిల్పి పీటర్ హారిసన్ నమూనా గీశాడు. ఆయన యూదుడు కాదు. 1763 డిసెంబరు 2న హజ్జాన్ ఐజాక్ టూరో ఆధ్వర్యవంలో ప్రారంభోత్సవం జరిగింది. తూర్పున జెరూసలేము దిక్కుకు అభిముఖం కావడంకోసం భవనాన్ని వీధికి ఏటవాలుగా నిలిపారు. లోపల స్త్రీలు కూర్చునే పై అంతస్తును మోస్తున్న 12 స్తంభాలు ఇజ్రాయేలు జాతిలోని 12 గోత్రాలకు సంకేతం. అమెరికాలో నేడు నిలిచి ఉన్న సినగాగ్ భవనాలలో ఇదే అత్యంత ప్రాచీనం.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాటవేయరాదు. న్యూపోర్ట్ సంపదలో ఆఫ్రికా బానిసల వ్యాపారానికి పెద్ద పాత్ర ఉన్నది. ఆ పట్టణపు క్రైస్తవ వర్తకులవలెనే, ఈ మందిరానికి పునాదిరాయి వేసినవారిలో ఒకడైన ఏరన్ లోపెజ్ కూడా బానిసలను తరలించే ఓడలను నడిపినవాడే. దాస్యంనుండి విముక్తి పొందినందుకు ఏటా పండుగ జరుపుకొనే ప్రజల మందిరానికి అటువంటి ధనం కూడా చేరింది. దానం చేసే మనిషి ఆ ద్రవ్యం ఎక్కడినుండి వచ్చిందో తనను తాను ప్రశ్నించుకోవాలని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

మందిరం తెరచిన 13 ఏండ్లకే, 1776లో, బ్రిటిషు సేనలు న్యూపోర్టును ఆక్రమించాయి. వర్తకం నశించింది. యూదులలో అనేకులు ఊరు విడిచారు. హజ్జాన్ టూరో జమైకాకు వెళ్లి అక్కడే కన్నుమూశారు. ఆయన చిన్న కుమారులు జూడా, ఆబ్రహాం బోస్టన్‌లో మేనమామ పోషణలో పెరిగారు. యుద్ధం తరువాత కొందరు తిరిగి వచ్చారు. 1790 ఆగస్టులో అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ న్యూపోర్టుకు వచ్చినప్పుడు సమాజపు పెద్ద మోజెస్ సైషస్ స్వాగతపత్రం సమర్పించాడు. దానికి బదులుగా వాషింగ్టన్ వ్రాసిన లేఖ సుప్రసిద్ధం. మతస్వేచ్ఛ ఒక వర్గం మరొక వర్గానికి దయతో ఇచ్చే భిక్ష కాదని, అది అందరికీ జన్మసిద్ధమైన హక్కని, ఈ ప్రభుత్వం మతద్వేషానికి చోటివ్వదని దాని సారాంశం. ఆ లేఖను నేటికీ ఏటా ఆ మందిరంలో చదువుతారు.

కాని హక్కు లభించినా జనం నిలువలేదు. పదిమంది కొరవడి ప్రార్థనలు ఆగిపోయాయి. 1822లో చివరి యూదుడు కూడా న్యూయార్కుకు వెళ్లిపోయాడు. తోరా చుట్టలు షియరిత్ ఇజ్రాయెల్ సంరక్షణకు చేరాయి. న్యూపోర్టులో మందిరమూ శ్మశానమూ మాత్రమే మిగిలాయి.

అప్పుడు ఎవరు కాపాడారు? మొదటివాడు పొరుగువాడు. స్టీఫెన్ గౌల్డ్ అనే న్యూపోర్ట్ నివాసి, క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు, ఖాళీ మందిరాన్ని కనిపెట్టుకొని చూశాడు. అది తన మతానిది కాదు. తన మిత్రులకు పవిత్రమైనది, అంతే.

క్వేకర్లకు పరాయితనపు బాధ తెలుసు. యూదులను వెళ్లగొట్టదలచిన స్టూవసంట్ గవర్నరే వారినీ హింసించాడు. దానిని నిరసిస్తూ 1657లో ఫ్లషింగ్ గ్రామస్థులు 30 మంది ఒక విన్నపంపై సంతకాలు చేశారు. వారిలో క్వేకర్ ఒక్కడూ లేడు. యూదులకు సైతం తమ వాకిలి తెరచి ఉంటుందని ఆ విన్నపం చెప్పింది. తరువాత తన ఇంట క్వేకర్ల ప్రార్థనలు జరగనిచ్చినందుకు జాన్ బౌన్ అనే గృహస్థుని దేశంనుండి వెళ్లగొట్టగా, డచ్ కంపెనీ ఆయన పక్షాన తీర్పు చెప్పింది. నేడు ఫ్లషింగ్ న్యూయార్క్ నగరంలో భాగం. అక్కడ ఆయన పేరిట ఉన్న బౌన్ స్ట్రీట్‌లోనే 1977 జూలై 4న ప్రతిష్ఠ జరిగిన మహావల్లభ గణపతి దేవస్థానం ఉన్నది. అమెరికాకు వెళ్లిన తెలుగువారిలో అనేకులు ఆ స్వామిని సేవించుకున్నవారే. ఆ వీధి పేరు వెనుక ఇంత చరిత్ర ఉన్నదని వారు తెలుసుకోవడం సముచితం.

న్యూపోర్టును కాపాడిన రెండవ శక్తి నిధి. హజ్జాన్ టూరో కుమారుడు ఆబ్రహాం 1822లో మరణిస్తూ, తన తండ్రి సేవించిన మందిర సంరక్షణకు 10,000 డాలర్లను రోడ్ ఐలండ్ రాష్ట్రానికి అప్పగించాడు. శ్మశానంనుండి వచ్చే వీధి మరమ్మతుకు మరి 5,000 డాలర్లు వ్రాసి ఇచ్చాడు. బాల్యంలోనే ఆ ఊరు విడిచిన మనిషి, ప్రార్థించే ప్రాణి లేని మందిరానికి ఇచ్చిన దానమది! రాష్ట్ర ప్రభుత్వం ఆ ధర్మనిధిని స్వీకరించింది. మందిరం కూలిపోకుండా నిలిచింది.

ఆయన సోదరుడు జూడా న్యూ ఆర్లియన్స్‌లో వర్తకంచేసి ధనికుడైనాడు. అప్పులో పడిన ఒక క్రైస్తవ సమాజపు చర్చిని కొని, వారినే అందులో ఉండనిచ్చిన ఉదారుడు. 1854లో మరణించినప్పుడు ఆయన వీలునామా యూదు, క్రైస్తవ సంస్థలకూ, జెరూసలేములోని పేదలకూ ధనం పంచింది. అందులో న్యూపోర్ట్ మందిరపు పురోహితుని జీతానికి, శ్మశాన పోషణకు 10,000 డాలర్లు ఉన్నాయి. అప్పటికి అక్కడ పురోహితుడు లేడు, వినేవారు లేరు. రాబోయే పురోహితునికోసం జీతం ముందే సిద్ధమయింది.

ఆ ప్రాంతాలలోనే, 1852లో, లాంగ్‌ఫెలో మహాకవి న్యూపోర్ట్ శ్మశానాన్ని దర్శించి ఒక కావ్యఖండిక రచించాడు. ఆ సమాజం ఇక తిరిగి రాదన్నదే ఆయన భావన. కవి తలచినట్లు జరగలేదు. 1880 దశకంలో రష్యా, తూర్పు ఐరోపా దేశాలలోని హింసనుండి పారిపోయి వేలాది యూదులు అమెరికాకు వచ్చారు. కొందరు న్యూపోర్టుకు చేరారు. 1883లో మందిరం మళ్లీ తెరచుకుంది. వారు గోడలు లేపవలసిన పని లేకపోయింది. అరవై ఏండ్లుగా ఎవరో వారికోసం వాటిని నిలిపి ఉంచారు.

కథ ఇక్కడ ముగిస్తే మనోహరంగా ఉంటుంది. కాని దాతలకు ఉపయోగించే మరొక అధ్యాయం మిగిలి ఉన్నది. తోరా చుట్టలకు పైన అమర్చే చిరుగంటల వెండి ఆభరణాలను న్యూయార్క్ శిల్పి మయర్ మయర్స్ 18వ శతాబ్దంలో తయారుచేశాడు. 2012లో న్యూపోర్ట్ సమాజం వాటిలో ఒక జతను బోస్టన్‌లోని ఒక మ్యూజియంకు 74 లక్షల డాలర్లకు అమ్మి, మందిర పోషణకు శాశ్వతనిధి ఏర్పరచదలచింది. అవి తమవని షియరిత్ ఇజ్రాయెల్ అడ్డుచెప్పింది. 2016లో కింది న్యాయస్థానం న్యూపోర్ట్ పక్షాన, 2017లో పై న్యాయస్థానం న్యూయార్క్ పక్షాన తీర్పు చెప్పాయి. ఏడాదికి ఒక్క డాలరు అద్దెతో 1903లో కుదిరిన కౌలు ఒప్పందం వంటి పత్రాలే ఆ తీర్పుకు ఆధారమైనాయి. 2019లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఇరుపక్షాలవారూ భక్తులే. ఒకరు కాపాడినందుకు తమదన్నారు, ఒకరు ప్రార్థిస్తున్నందుకు తమదన్నారు. పూర్వులు విశ్వాసంతో అప్పగించినది ఏదో, శాశ్వతంగా ఇచ్చినది ఏదో స్పష్టంగా వ్రాసి ఉంటే ఏడేండ్ల వ్యాజ్యం తప్పేది.

భక్త మహాశయులారా! ఈ చరిత్రనుండి గ్రహించవలసినవి మూడు. ఒకటి, నిర్మాణానికి ఇచ్చే దానం కన్నులకు కనిపిస్తుంది, పోషణకు ఇచ్చే దానం కనిపించదు. కాని మందిరానికి ఆయువు రెండవదే. రెండు, ఇచ్చేటప్పుడు ఎవరికి, దేనికోసం, ఎంతకాలానికి అన్నది స్పష్టంగా వ్రాసి ఇవ్వండి. స్వీకరించేవారు ఆ వ్రాతను పదిలపరచండి. మూడు, పొరుగువారి పవిత్రస్థలం మూతపడి ఉన్నప్పుడు దాని తలుపును ఎవరూ పగులగొట్టకుండా చూడడం కూడా ధర్మమే.

న్యూపోర్ట్ మందిరానికి ఇచ్చిన టూరో సోదరులు అక్కడ మళ్లీ ప్రార్థన వినలేదు. కాపాడిన గౌల్డ్ కూడా వినలేదు. 1883లో తలుపు తెరచినవారికి వారి ముఖాలు తెలియవు. ఫలితాన్ని తాము చూడబోమని తెలిసి కూడా చేసిన దానం అది. అటువంటి దాతలు ప్రతి మందిరానికీ లభింతురు గాక!

స్వస్తి.